డాలు మీద వాయిద్యం కనిపిస్తే ఎలా చదవాలి

మీ దగ్గర బ్రిటిష్ పాస్‌పోర్ట్ గానీ కెనడా పాస్‌పోర్ట్ గానీ ఉంటే, అట్ట మీద బంగారు రంగులో అచ్చేసిన రాజచిహ్నాన్ని ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. మీకు లేకపోతే అక్కడున్న బావనో చెల్లెల్నో ఫొటో తీసి పంపమనండి. రెండు పక్కలా జంతువులు, మధ్యలో డాలు, డాలులో గళ్ళు. మీ కంటికి ఎడమ వైపు, సింహాలున్న గడికి సరిగ్గా కింద ఒక చిన్న తీగల వాయిద్యం ఉంటుంది. అది హార్ప్, ఐర్లండ్ గుర్తు. ఏళ్ళ తరబడి దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళు కూడా చాలామంది గమనించరు.

ఇలాంటి వాటిని కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. చరిత్ర పుస్తకాల్లో మనం చదువుకున్న వరాహ లాంఛనం లాంటివే, కాకపోతే వీటికి రూల్స్ ఎక్కువ, రిజిస్టర్లు ఎక్కువ, తగాదాలు కూడా ఎక్కువే. ఇంగ్లండ్, ఐర్లండ్, నెదర్లాండ్స్ లాంటి చోట్లకి వెళ్తే చర్చి గోడల మీద, టౌన్ హాల్ గుమ్మాల మీద, పబ్ బోర్డుల మీద కూడా కనిపిస్తాయి. వాటిలో బూరో గంటో హార్పో కనిపించగానే "వీళ్ళు సంగీతం తెలిసిన వంశం కాబోలు" అనుకుంటాం. పాత డాళ్ళ దగ్గర ఆ ఊహ దాదాపు ఎప్పుడూ తప్పే. ఇంటిపేరు కోసమో, చేసే ఉద్యోగం కోసమో, భూమి హక్కు కోసమో వాయిద్యం డాలెక్కింది తప్ప, సంగీతం కోసం ఎక్కడం ఈమధ్య మొదలైన ముచ్చట. అందుకే సంగీతం అన్న జవాబును చివరికి ఉంచుకుని, మిగతావి ముందు అడగాలి. ఎలాగో చూద్దాం.

ముందుగా వాయిద్యం ఎక్కడుందో చూడండి. అసలు చిహ్నం డాలు. దాని పైన శిరస్త్రాణం, దాని మీద కూర్చున్న బొమ్మ క్రెస్ట్, పక్కన నిలబడ్డ జంతువులో మనుషులో సపోర్టర్లు, కింద పట్టీ మీద నినాదం. డాలు లోపలున్న వాయిద్యానిది ఒక స్థాయి, క్రెస్ట్‌లో ఏదో పక్షి పట్టుకున్న వాయిద్యానిది ఇంకో స్థాయి. డాలు అన్ని చోట్లా ఒకటే, చుట్టూ ఉన్న అలంకారాలు ఒక్కోచోట మారతాయి, కొన్నిచోట్ల అసలుండవు. గళ్ళుగా విడగొట్టిన డాలైతే ఒక్కో గడి ఒక్కో విడి చిహ్నం అనుకోండి. పెళ్ళిళ్ళ వల్లనో, వారసత్వం వల్లనో, రాజ్యాలు కలవడం వల్లనో వాటిని ఒకే డాలులో సర్దారన్న మాట. పాస్‌పోర్ట్ మీద హార్ప్ అలా వచ్చిందే. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కాక ఐర్లండ్‌కి ఒక గడి ఇచ్చారు, అది మూడో గడి, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంకో తిరకాసు కుడి ఎడమలది. ఇక్కడ కుడి అంటే డాలు పట్టుకుని నిలబడ్డవాడి కుడి, అంటే ఎదురుగా చూస్తున్న మీకు ఎడమ. వర్ణన చదివేటప్పుడు ఇది మర్చిపోతే బొమ్మంతా తిరగబడిపోతుంది.

తర్వాత రంగు. బంగారు, వెండి ఈ రెండూ లోహాలు, ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదన్నది సాధారణ నియమం, దూరం నుంచి యుద్ధంలోనో పోటీలోనో గుర్తుపట్టాలి కదా. బంగారు హార్ప్ నీలం మీద ఎందుకంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. రాతి మీదో, పాత పుస్తకం లోపలి అట్టకు అంటించిన చీటీ మీదో రంగులుండవు, అప్పుడు గీతలు చూడండి. చుక్కలుంటే బంగారం, ఖాళీగా వదిలేస్తే వెండి, నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, అడ్డం నిలువూ కలిస్తే నలుపు, ఏటవాలు గీతలు ఆకుపచ్చ లేదా ఊదా, అవి ఎటు వాలాయన్న దాన్నిబట్టి. 17వ శతాబ్దంలో స్థిరపడిన పద్ధతి ఇది. అంతకంటే పాత శిల్పం మీద గీతలు కనిపిస్తే అవి ఉత్త చెక్కడం గుర్తులు కావచ్చు, తొందరపడి రంగు చెప్పేయకండి.

ఇప్పుడు అసలు కష్టమైన పని, అది ఏ వాయిద్యమో తేల్చడం. వంకరగా, పొట్టిగా, రెండు చివర్లకీ తాడు కట్టి వేలాడదీసినట్టుంటే అది కొమ్ము బూర, వేటగాళ్ళది. డాళ్ళ మీద ఎక్కువగా కనిపించే వాయిద్యాల్లో ఇదొకటి. తాడు రంగు, కొమ్ము చుట్టూ ఉన్న పట్టీల రంగు విడిగా చెప్తారు, కాబట్టి అవీ చూసుకోండి. పొడుగ్గా, తిన్నగా, చివర గరాటులా విచ్చుకుంటే ట్రంపెట్. ఇప్పటి బ్యాండు మేళంలో ఉండే మడతల ట్రంపెట్‌ని దృష్టిలో పెట్టుకుని వెతికితే దొరకదు. హార్ప్ త్రికోణంగా ఉంటుంది, దానికి చుట్టం లాంటి పాత గ్రీకు వాయిద్యం లైర్‌కి రెండు కొమ్ములూ మధ్యలో తీగలూ ఉంటాయి. హార్ప్ మనకి పరాయిదేమీ కాదు, అమరావతి శిల్పాల్లో కనిపించే విల్లు లాంటి వీణ ఆ కుటుంబానిదే. ఇక గంట ఉంటే అది చర్చి గంటా, డేగ కాలికి కట్టే గుండ్రటి మువ్వా అన్నది చూడాలి, రెండూ వేరు వేరు గుర్తులు.

ఇంగ్లండ్‌లో ఆర్గాన్ గొట్టాలు కూడా ఉన్నాయి, ఆర్గాన్ అంటే చర్చిల్లో గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పెద్ద వాయిద్యం. 16వ శతాబ్దపు లార్డ్ విలియమ్స్ ఆఫ్ థేమ్ డాలులో రెండు ఆర్గాన్ గొట్టాలు ఇంటూ గుర్తులా ఒకదాని మీద ఒకటి వేసి ఉంటాయి. విషయం తెలియనివాళ్ళకి అవి ఏ ఆయుధాలో అనిపిస్తాయి.

వీటన్నిటికంటే విచిత్రమైనది క్లారియన్. గ్రాన్‌విల్ వంశం డాలులో ఎర్ర నేల మీద మూడు బంగారు క్లారియన్లు ఉంటాయి. చూడ్డానికి వరసగా పేర్చిన గొట్టాలు, కింద ఏదో పిడి. చేత్తో మోసుకెళ్ళే చిన్న ఆర్గాన్ అని కొందరు, గొట్టాల వేణువు అని కొందరు, అసలు వాయిద్యమే కాదు, గుర్రం మీద యోధుడు బల్లెం ఆనించుకునే కొక్కెం అని ఇంకొందరు. పాత పుస్తకాల్లో దీనికి "రెస్ట్" అనే పేరు కూడా ఉండటం ఆ గొడవ వల్లే. మీకు ఇలాంటిది ఎదురైతే తేల్చేయాలని చూడకండి, పండితులకే తేలలేదు. "క్లారియన్" అని రాసుకుని ముందుకెళ్ళండి.

ఏ వాయిద్యమో తెలిశాక అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: దీని పేరూ, డాలు యజమాని పేరూ కలుస్తున్నాయా? గంటా వారు డాలు చేయించుకుని దాని మీద గంట వేయించుకుంటే ఎలా ఉంటుందో అలాగన్న మాట. దీన్ని క్యాంటింగ్ ఆర్మ్స్ అంటారు. జోక్‌లా అనిపిస్తుంది గానీ ఆ కాలంలో అది చాలా సీరియస్ వ్యవహారం, చదువు రానివాడు కూడా బొమ్మ చూసి పేరు చెప్పగలగాలి మరి. కేంబ్రిడ్జ్ పక్కనే ఉన్న ట్రంపింగ్టన్ ఊరి చర్చిలో సర్ రోజర్ డి ట్రంపింగ్టన్‌ది అని చెప్పే ఇత్తడి సమాధి ఫలకం ఉంది. ఆయన 1289లో పోయాడు. కవచం వేసుకుని పడుకున్న ఆ యోధుడి డాలు మీద రెండు పొడవాటి ట్రంపెట్లు. ట్రంపింగ్టన్‌కి ట్రంపెట్, అంతే, ఆయన వాయించాడా లేదా అన్న ప్రశ్నే లేదు. నెదర్లాండ్స్‌లో హోర్న్ అనే రేవు పట్టణం ఉంది, దాని డాలులో కొమ్ము బూర ఉంటుందని మీరే ఊహించేసి ఉంటారు.

ఇందులో ఒక ఇబ్బంది, పేరు ఏ భాషలో కలుస్తుందో, ఏ కాలపు ఉచ్చారణలో కలుస్తుందో తెలియాలి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆరెంజ్ అనే పట్టణం, ఒకప్పుడు అది సొంత సంస్థానం. దాని చిహ్నం బంగారు నేల మీద నీలం కొమ్ము బూర. ఎక్కడి ఆరెంజ్, ఎక్కడి కొమ్ము? అక్కడి వీరగాథల్లో గియోమ్ అనే యోధుడున్నాడు, యుద్ధంలో ముక్కు కొస తెగి "పొట్టి ముక్కు గియోమ్" అయ్యాడు. ఫ్రెంచ్‌లో పొట్టి ముక్కు అనే మాటకీ చిన్న కొమ్ము బూర అనే మాటకీ ధ్వని దగ్గర, అలా ముక్కు కాస్తా కొమ్మయిందని చెప్తారు. ఆ సంస్థానం తర్వాత నసావు వంశం చేతికి వచ్చింది, వాళ్ళ వారసులే నేటి డచ్ రాజకుటుంబం. ఆమ్‌స్టర్‌డామ్‌లో రాజు జెండా ఎగురుతుంటే చూడండి, నారింజ రంగు మీద నీలం శిలువ, నాలుగు మూలలా నాలుగు కొమ్ము బూరలు. ఎప్పుడో తెగిన ముక్కు ఇప్పటికీ జెండా మీద ఎగురుతోంది.

పేరుతో కలవకపోతే వెంటనే వదిలేయకండి, పోలండ్, లిథువేనియా వైపు వెళ్తే లెక్కే వేరు. అక్కడ ఒకే చిహ్నాన్ని ఎన్నో కుటుంబాలు పంచుకుంటాయి, చిహ్నానికే ఒక పేరుంటుంది. మూడు నల్ల కొమ్ములు మూతుల దగ్గర కలిసి ఉండే చిహ్నం పేరు త్రోంబి, ఆ మాటకి అర్థం బూరలనే. 1413లో హొరొద్లో ఒప్పందంతో లిథువేనియా ప్రభువుల్ని పోలండ్ వంశాలు తమ చిహ్నాల్లోకి చేర్చుకున్నాయి, ప్రసిద్ధులైన రాజివీల్ వంశానికి ఆ మూడు కొమ్ములు అలా దక్కాయి. ఇక్కడ ఇంటిపేరులో వెతికితే ఏమీ దొరకదు.

రెండో ప్రశ్న, వాయిద్యం ఏ పని చేసేది? సంగీతం సంగతి పక్కన పెట్టి, అప్పట్లో అది హారనూ సైరనూ లాంటిదని ఆలోచించండి. ఎడిన్‌బరో దగ్గర కార్‌స్టార్ఫిన్‌లో ఉన్న ఫారెస్టర్ వంశం డాలులో మూడు వేట కొమ్ములు, అడవి అధికారి చేతిలో ఉండేది అదే కదా. పేరూ ఉద్యోగమూ రెండూ ఒకే బొమ్మలో వచ్చేశాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో రిపన్ అనే చిన్న నగరం, దాని గుర్తు కూడా కొమ్ము బూరే. అక్కడ ఇప్పటికీ రోజూ రాత్రి తొమ్మిదింటికి మార్కెట్ మధ్యలో స్తంభం నాలుగు మూలలా నిలబడి ఒకాయన కొమ్ము ఊదుతాడు, కాపలా మొదలైంది అని ఊరికి చెప్పడం అన్న మాట. ఆ పక్కకి వెళ్తే రాత్రి అక్కడే ఉండి చూడండి, డాలు మీద బొమ్మకి ఇంత సూటిగా అర్థం చెప్పే చోటు ఇంకోటి దొరకదు.

ఉత్తర ఇంగ్లండ్‌లోనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్ నగరానిది ఇంకా బాగుంటుంది. 1847లో తీసుకున్న డాలులో మూడు కొమ్ము బూరలు, ఒక బావి. పైన క్రెస్ట్‌లో అడవి పంది తల, దానికి నాలుక ఉండదు. ఊళ్ళో చెప్పే కథేమిటంటే, అడవిలో ఒక పంది బావి దగ్గర నీళ్ళకు వచ్చేవాళ్ళని హడలగొడుతుంటే, చంపినవాడికి బహుమతి అని ప్రకటించారు. చంపినవాడు రుజువుగా నాలుక కోసుకుని వెళ్ళాడు, వెనక వచ్చినవాడు తల నరికి తీసుకెళ్ళి బహుమతి నాదే అన్నాడు, నోరు తెరిస్తే నాలుక లేదు. అసలువాడికి భూమి దక్కింది, ఏటా ఒక రోజు కొమ్ము ఊదాలన్న షరతుతో. కథ నిజమో కాదో గానీ, కొమ్ము ఊదితే భూమి అనే పద్ధతి ఇంగ్లండ్‌లో నిజంగానే ఉండేది. అంటే ఇక్కడ కొమ్ము బూర పట్టాదారు పాస్‌బుక్కన్న మాట.

మూడో ప్రశ్న, ఇది దేశానికో నగరానికో మొత్తంగా గుర్తా? గ్లాస్గో డాలులో గంట ఉంటుంది, అది ఆ నగర సాధువు సెయింట్ మంగో గంట, దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. హార్ప్ గురించి మాత్రం చాలా ఉంది.

నీలం మీద బంగారు హార్ప్, వెండి తీగలు అంటే ఐర్లండ్. 13వ శతాబ్దపు ఒక ఫ్రెంచ్ చిహ్నాల పుస్తకంలోనే ఐర్లండ్ రాజుకి హార్ప్ ఇచ్చారు. ఎనిమిదో హెన్రీ 1530లలో ఐర్లండ్ కోసం వేయించిన వెండి నాణేల మీద కిరీటం పెట్టిన హార్ప్ వచ్చింది. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక కిరీటం తీసేసి హార్ప్‌ని అలాగే ఉంచుకున్నారు, నమూనాకి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న మధ్యయుగపు హార్ప్‌ని తీసుకున్నారు. పరాయి పాలన ముద్రని పారేయకుండా కిరీటం మాత్రం పీకేయడం, నా దృష్టిలో ఈ చరిత్రంతటిలో తెలివైన పని. ఈ రోజు ఐరిష్ యూరో నాణేలన్నిటి మీదా అదే.

ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్తపడాలి. ఒకటి, స్తంభం భాగంలో రెక్కలున్న స్త్రీ బొమ్మ ఉన్న హార్ప్ కనిపిస్తే అది పాత బ్రిటిష్ రాజచిహ్నం అయ్యే అవకాశం ఎక్కువ, రెండో ఎలిజబెత్ కాలంలో ఆ స్త్రీని తీసేసి సాదా హార్ప్ వేశారు. రెండు, గిన్నెస్ బీరు సీసా. వాళ్ళు 1876లోనే హార్ప్‌ని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకున్నారు, కాబట్టి ప్రభుత్వ హార్ప్ దానికి ఎదురు తిరిగి ఉంటుంది. తిన్నటి అంచు మీకు కుడివైపు ఉంటే ప్రభుత్వానిది, ఎడమవైపు ఉంటే బీరుది. మూడోది చాలామందికి తెలియనిది: మధ్యయుగపు బొమ్మల్లో, తెరల మీద తొమ్మిదిమంది మహావీరుల వరస వేస్తారు, అందులో బైబిల్ రాజు దావీదు చేతిలో కూడా నీలం మీద బంగారు హార్ప్ డాలే ఉంటుంది. ఆయన హార్ప్ వాయించేవాడు కదా మరి. పక్కన అలెగ్జాండర్, సీజర్, ఆర్థర్ కనిపిస్తే ఐర్లండ్ మాట ఎత్తకండి. ఆకుపచ్చ మీద బంగారు హార్ప్ అయితే లెయిన్‌స్టర్, అంటే ఐర్లండ్‌లో ఒక ప్రాంతం. చూశారా, రంగు గురించి అంతసేపు ఎందుకు చెప్పానో.

కొత్త దేశాల దగ్గరకి వస్తే వాయిద్యం తన అర్థంలోనే కనిపిస్తుంది. ఉగాండా 1962 డాలులో పైన నీటి అలలు, మధ్యలో సూర్యుడు, కింద డప్పు. అక్కడ డప్పు నాట్యానికీ, జనాన్ని పిలవడానికీ కూడా. ట్రినిడాడ్ అండ్ టొబాగోది మరీ తాజా సంగతి. వాళ్ళ డాలులో 1962 నుంచి కొలంబస్ మూడు ఓడలు ఉండేవి. వాటిని తీసేసి తమ గడ్డ మీద పుట్టిన స్టీల్‌పాన్ పెడతామని 2024లో ప్రకటించారు, 2025లో పార్లమెంట్ ఆమోదించింది. నూనె పీపాల మూతల్ని సుత్తితో మలిచి జనం తయారుచేసుకున్న వాయిద్యం అది. కాబట్టి ఆ దేశం డాలు చూసేటప్పుడు ఓడలున్నాయా, పాన్ ఉందా అని చూస్తే బొమ్మ వయసు తెలిసిపోతుంది.

మన వైపు సంగతి అడుగుతారేమో. తిరువాంకూరు సంస్థానం చిహ్నంలో రెండు ఏనుగుల మధ్య శంఖం, ఇప్పుడు కేరళ ప్రభుత్వ ముద్రలో కూడా ఉంది. శంఖాన్ని ఊదుతాం కాబట్టి వాయిద్యమే అనొచ్చు, కానీ అక్కడ అది పద్మనాభస్వామి చేతి శంఖం. మన శంఖుచక్రాల్లాగే.

చివరి ప్రశ్న, ఇప్పుడు అడగొచ్చు: ఈ యజమాని సంగీతకారుడా? డాలు 20వ శతాబ్దం చివరిదో, ఆ తర్వాతదో అయితే ఈ జవాబుకి నిజంగా అవకాశం ఉంది. బీటిల్స్ అనే బ్రిటిష్ బ్యాండ్‌కి రికార్డింగులు చేసిన నిర్మాత జార్జ్ మార్టిన్ 2004లో డాలు తీసుకున్నారు. మూడు బంగారు స్టాగ్ బీటిల్స్, అంటే కొమ్ముల్లాంటి దవడలున్న పురుగులు, బీటిల్స్‌కి బీటిల్ అన్న మాట. మధ్య పట్టీలో అయిదు సన్నటి నల్ల గీతలు, అంటే పాశ్చాత్య స్వరలిపి గీతలు. క్రెస్ట్‌లో మార్టిన్ అనే పిట్ట, రెక్క కింద రికార్డర్ అనే పిల్లనగ్రోవి. పేరుతో ఆట, వృత్తి, వాయిద్యం మూడూ కలిపేశారు. బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ డాలులో పియానో మెట్లూ గ్రామఫోన్ రికార్డులూ, కింద నినాదంలో ఆయన పేరు స్పానిష్ మాటల్లో దాక్కుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది బీటిల్స్‌లో పాడిన పాల్ మాకార్ట్నీది, 2001లో ఇచ్చింది. డాలులో గిటార్ ఎక్కడా ఉండదు. రెండు పక్కల నుంచి వంపులు లోపలికి వచ్చి నడుము దగ్గర విరిగి ఉంటాయి, రెండు నల్ల చుక్కలు, పైనుంచి కిందకి ఆరు తీగలు. రెండు అడుగులు వెనక్కి వేసి చూస్తే డాలే గిటార్ అయిపోతుంది. అసలు గిటార్‌ని క్రెస్ట్‌లో లివర్‌పూల్ నగర గుర్తయిన పక్షి పట్టుకుని ఉంటుంది. వాయిద్యం బొమ్మని తెచ్చి డాలు మధ్యలో అతికించేయడం ఎవరైనా చేస్తారు, ఇలా దాచడానికి పనితనం కావాలి.

ఇన్నీ అడిగాక ఒక వాక్యం రాసుకోండి: నేల రంగు, వాయిద్యం, ఎన్ని, ఏ రంగు, ఎటు తిరిగి, తీగలదో తాడుదో రంగు. దీన్నే పద్ధతిగా రాస్తే బ్లేజన్ అంటారు. మీ వాక్యాన్ని బొమ్మ చూడని స్నేహితుడికి వాట్సాప్‌లో పంపి గీయమనండి. సరిగ్గా గీస్తే సరిగ్గా చదివినట్టే.

వెతికి సరిచూసుకునేటప్పుడు మాత్రం ఇంటిపేరు కొడితే "మీ వంశ చిహ్నం" అని కప్పు మీద అచ్చేసి అమ్మే షాపుల్ని నమ్మకండి. ఇంగ్లండ్, స్కాట్లండ్ పద్ధతిలో డాలు ఒక వ్యక్తిదీ అతని వారసులదీ, ఆ ఇంటిపేరున్న అందరిదీ కాదు. ఇంగ్లండ్‌కి డాళ్ళని నమోదు చేసే సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, 1484 నుంచి ఉంది, స్కాట్లండ్‌కి అదే పని చూసే అధికారి లార్డ్ లయన్, అక్కడైతే లేని హక్కుతో డాలు వాడటం చట్టప్రకారం నేరం కూడా. కెనడా వాళ్ళ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, డ్రమ్ అనో హార్ప్ అనో కొట్టి వెతికితే వివరణతో సహా వస్తాయి, కాలక్షేపానికి కూడా బాగుంటుంది.

కెనడా పౌరసత్వం ఉన్నవాళ్ళు, అక్కడి సంఘాలు సొంత డాలు కోసం అర్జీ పెట్టుకోవచ్చు, 1988 నుంచి దానికోసం ప్రత్యేక సంస్థ ఉంది. మీ తెలుగు సంఘమో సంగీత సభో ఆ ఆలోచనలో ఉంటే, వీణ మొత్తం గీసి పంపకండి. బిరడాలు, మెట్లు, యాళి తల అన్నీ లెటర్‌హెడ్ సైజులో నల్ల మరక అవుతాయి. వీణలో ఏ ఒక్క భాగం చూస్తే వీణ అని తెలుస్తుందో అది పట్టుకోండి, ఒక లోహం ఒక రంగు చాలు, అణా కాసంత సైజులో ప్రింట్ తీసి చేతి దూరంలో పెట్టి చూడండి. కనిపించకపోతే ఇంకొక గీత తీసేయండి.